డిక్కి బియ్యం

జైపాల్ చాలా ఏళ్లు మస్కట్‌లో సేఠ్‌ల కార్లు తోలాడు. కార్లన్నీ తెల్లవి, సీట్లన్నీ మెత్తవి, ఒక్కటీ తనది కాదు. అందుకని తిరిగొచ్చి సిరిసిల్లలో కిరాణా కొట్టు పెట్టుకున్నాక మొట్టమొదట చేసిన పని, జగిత్యాల పోయి చేతులు మారిన ఒక చిన్న కారు కొనుక్కురావడం. మస్కట్‌లో చూసినట్టే దానికి తెల్లబట్టతో సీటు కవర్లు కుట్టించాడు. ఇంటికీ కొట్టుకూ మధ్య ఉన్నవి రెండే గల్లీలు. ఆ రెండు గల్లీలూ కారులోనే పోయేవాడు. మొదటి గల్లీలో అడ్డంగా పడుకున్న బర్రెను దిగి లేపాలి. రెండో గల్లీ మలుపులో బండిని ముందుకూ వెనక్కూ ఆడించాలి. ఆయనతోపాటే ఇంట్లోంచి నడిచి బయల్దేరిన భార్య విజయ కొట్టు తాళం తీసి, ఊడ్చి, గిరాకీలకు చక్కెర పొట్లాలు కట్టేసరికి గల్లీ చివర ఆయన హారన్ వినిపించేది.

విజయకు బస్సంటే ప్రాణం. కిటికీ పక్క సీటు దొరికిందా, ఇక ఆమె లోకం వేరు. సిరిసిల్లలో ఎక్కి కోరుట్లలో దిగేలోపు ఎవరి బిడ్డకు ఎక్కడ సంబంధం కుదిరిందో, దుబాయిలో ఎవరి మొగుడు ఫోన్ చేయడం మానేశాడో, ఈసారి పసుపు పంట ఎట్లా ఉందో అన్నీ తెలిసిపోవాలి. దిగేటప్పటికి కొత్తగా ఒక అక్కో చిన్నమ్మో ఆమెకు చుట్టమైపోయి ఉండేది. కారెక్కమంటే మాత్రం మొహం ముడుచుకునేది.

"కారుల ఎవ్వలతోని మాట్లాడాలె? నీ అద్దంతోనా?" అనేది.

"నాతోని మాట్లాడు," అనేవాడు జైపాల్.

"నీతోని ఇంట్ల మాట్లాడుత లేనా?"

ఇక విజయ అన్న నారాయణ కథ వేరు. కథలాపూర్‌లో కూలికి పోతాడు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఇబ్రహీంపట్నం దాకా పోయి పని చేసి వస్తాడు. పెళ్లయినా చావయినా సంతయినా ఆయనకు సైకిలే. జైపాల్ కనిపించినప్పుడల్లా ఆ సైకిల్ మీద ఒక మాట విసరకుండా ఉండేవాడు కాదు.

"బావా, గా సైకిల్‌కు ఇగ పెన్షన్ ఇయ్యరాదా," అనేవాడు.

"నీ కారు ఆగిన కాడికి గదే వస్తది తియ్ బావా," అని నారాయణ నవ్వేవాడు.

ఇట్లా రెండిళ్లలో ముగ్గురు మనుషులు, మూడు బండ్లు. ఎక్కడికి పోవాలన్నా బయల్దేరే ముందు అరపూట పంచాయితీ. ఆ పంచాయితీని చివరికి సకల జనుల సమ్మె తెంపింది. బస్సులు డిపోల్లో ఆగిపోయాయి. జైపాల్ తెలంగాణ రావాలని మనస్ఫూర్తిగా కోరుకున్నవాడే, ర్యాలీల్లో గొంతు పోయేలా అరిచినవాడే. అయినా బస్సులు బంద్ అన్న రోజు ఆయన లోలోపల పడ్డ సంతోషంలో తెలంగాణ పాలు కొంచెమే ఉంది. విజయకు ఇక కారు తప్ప గతి లేదు కదా అన్నదే మిగతాదంతా.

ఆ సంతోషంలోనే జగిత్యాల పోయి నంబర్ ప్లేటు మీద ఏపీ తీయించి టీజీ స్టిక్కర్ వేయించాడు. ముందు ప్లేటు అయింది. వెనకది మొదలుపెట్టేలోపు ఊరేగింపు వచ్చి స్టిక్కర్ల షాపు షట్టర్ దిగిపోయింది. వెనక్కి ఎవరు చూస్తార్లే అనుకుని ఆయన వచ్చేశాడు. తర్వాత మళ్లీ పోవడానికి కుదరనే లేదు.

సమ్మె రోజుల్లోనే విజయకు ఒడిబియ్యం పోసే రోజు వచ్చింది. పుట్టింటివాళ్లు ఆడబిడ్డను పిలిచి, పసుపూ నూనే కలిపిన బియ్యంలో ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు వేసి ఆమె ఒడిలో పోస్తారు. ఆమె ఆ మూట అత్తగారింటికి తెచ్చి, వండి, వాడకట్టు వాళ్లందరికీ పెడుతుంది. మా వాళ్లు నన్ను మరిచిపోలేదని నలుగురికీ చెప్పుకోవడం అది. విజయ తల్లి కిందటేడు పోయింది. తల్లి లేని పుట్టింటి నుంచి పిలుపు వస్తుందో రాదో అని విజయ లోపల ఎంత మథనపడిందో ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు పొద్దున నారాయణ కథలాపూర్ నుంచి సిరిసిల్ల దాకా సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, కొట్టు ముందు దిగి, చెమట తుడుచుకుంటూ అన్నాడు:

"అమ్మ లేకుంటే ఒడిబియ్యం లేవా చెల్లే? నేను లేనా?"

విజయ చక్కెర తూచే తక్కెడ అట్లాగే వదిలేసి లోపలికి పోయి ఏడ్చింది. ఆమె అంత సంతోషంగా ఏడవడం జైపాల్ అంతకుముందు చూడలేదు.

కథలాపూర్‌లో ఒడిబియ్యం చక్కగా జరిగింది. నారాయణ భార్య బాలలక్ష్మి ఉన్నంతలో మంచి చీర తెచ్చింది, పచ్చగాజులు తొడిగింది. విజయ ఒడి నింపుకుని లేచి, ఆనవాయితీ ప్రకారం అందులోంచి ఐదు పిడికిళ్లు తీసి పుట్టింటి దేవుడి ముందు గిన్నెలో పెట్టింది. మిగతా బియ్యాన్ని కొత్త రవికె గుడ్డలో మూట కట్టుకుంది. మర్నాడు పొద్దున ఆ మూట ఒడిలో పెట్టుకుని కారు ముందు సీట్లో కూర్చోబోయింది.

జైపాల్ చూపు మూట మీద పడింది. పసుపు, నూనె. ఆ తర్వాత తెల్ల సీటు మీద పడింది.

"మూట డిక్కిల వెడుదం," అన్నాడు.

విజయ అర్థం కానట్టు చూసింది. "ఒడిబియ్యం ఒళ్లె వెట్టుకుంటరు గని డిక్కిల వెడ్తరా? గట్లయితే డిక్కిబియ్యం అనకపోయిండ్రా పెద్దమనుషులు?"

"మూటకేమన్న కాళ్లస్తయా? మనెనుకనే ఉంటది. సీటుకు మరక పడితే పోతదా చెప్పు."

"బస్సుల అయితే ఒళ్లె వెట్టుకొని మారాణి లెక్క వోదును."

"బస్సు ఏది మరి?"

విజయ మూట ఆయన చేతికిచ్చేసింది. బాలలక్ష్మి ఇచ్చిన యాసంగి పంట బియ్యం సంచి అప్పటికే డిక్కీలో ఉంది. దాని పక్కన పసుపు మూట చేరింది. నారాయణ అంతా చూశాడు, చూసి సైకిల్ గంట ఊరికే ఒకసారి మోగించాడు.

రుద్రంగి ఊరి మొదట్లో రోడ్డు మీద ముళ్లకంప కనిపించింది. ఆ వెనక మూడు రాళ్ల పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద గంజులు, జెండాలు, పాటలు. రోడ్డు మీదే వండుకుని తినే సమ్మె వంటావార్పు జరుగుతోంది. సైకిళ్లు పక్కనుంచి పోతున్నాయి, ఎడ్లబండ్లు పోతున్నాయి. ఇంజనున్న బండి మాత్రం కదలడానికి లేదు. జైపాల్ ధైర్యంగా ముందుకు తెచ్చి ఆపాడు. అక్కడి కుర్రాళ్లకు పెద్దగా ఉన్న మహేశ్ ముందు ప్లేటు చూసి మురిసిపోయాడు.

"అరే, టీజీ. మనోడే," అన్నాడు. కారు చుట్టూ ఒక చుట్టు తిరిగి, వెనక ఆగిపోయాడు. "అన్నా, ఇదేంది? ముందట తెలంగాణ, ఎనుక ఆంధ్రనా?"

చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వారు. జైపాల్ షట్టర్ సంగతి చెప్పబోయాడు. ఎవరూ వినలేదు.

ఈలోగా విజయ కారు దిగి ఆడవాళ్లలో కలిసిపోయింది. బీడీలు చుట్టే ఆడవాళ్లు వరసగా కూర్చుని వంకాయలు కోస్తున్నారు. వాళ్లలో పెద్దదైన నర్సక్క జరిగి చోటిచ్చింది. విజయకు నెల రోజుల తర్వాత బస్సెక్కినంత హాయిగా ఉంది. కత్తిపీట ముందర వేసుకుని, మీదే ఊరు, మీ వాళ్లెవరు అని మొదలుపెట్టింది.

"పొద్దుగూకేదాంక బండి కదలది అన్నా," అన్నాడు మహేశ్ జైపాల్‌తో. "ఎనుక ప్లేటుకు జుర్మానా కింద ఏమన్న ఇయ్యరాదా? బియ్యం తక్కువ వడ్డయ్."

జైపాల్‌కు ఎక్కడలేని హుషారొచ్చింది. అనుమానించిన వాళ్ల ముందు తానేమిటో చూపించుకునే అవకాశం ఇది. యాసంగి సంచి గుర్తొచ్చింది. సీటులోంచి లేవకుండానే పక్కనున్న మీట లాగి, దర్జాగా చెయ్యి ఊపాడు.

"డిక్కిల బియ్యం ఉన్నయ్, తీస్కపొండ్రి."

కుర్రాళ్లు ఆయన చెప్పిన మాట ప్రకారం డిక్కీలో ఉన్న బియ్యమంతా తీసుకుపోయారు. సంచీ, దాని పక్కనున్న మూటా. ఎసరు తెర్లుతోంది, ఆకలి మీద ఉన్నారు, కడగాలన్న ఆలోచన గానీ, పొయ్యి పొగలో బియ్యం రంగు చూడాలన్న ఆలోచన గానీ ఎవరికీ రాలేదు. సంచి గుమ్మరించారు, మూట విప్పి అదీ గుమ్మరించారు. మహేశ్ ఖాళీ గుడ్డ దులిపి జేబులో పెట్టుకున్నాడు. "నీ దిల్ పెద్దది అన్నా," అని వచ్చి చెయ్యి కలిపాడు కూడా.

తెడ్డు పెట్టి కలపడానికి నర్సక్క లేచింది. ఒకసారి తిప్పింది, రెండోసారి తిప్పబోయి ఆగింది. గంజులో అన్నం పచ్చగా తిరుగుతోంది. దాని మీద గుండ్రంగా కుడుకలు తేలుతున్నాయి.

"పిలగా," అంది నెమ్మదిగా. "గివి ఎవ్వలియిరా?"

వంకాయలు కోస్తున్న ఆడవాళ్లందరూ లేచి వచ్చి గంజులోకి చూశారు. ఎవరికీ విడమర్చి చెప్పనక్కర లేకపోయింది. పాటలు పాడుతున్నవాళ్లు కూడా ఆగిపోయారు. విజయ చేతిలో సగం కోసిన వంకాయతో అక్కడికి వచ్చింది.

"డిక్కి ఎవ్వలు తీసిండ్రు?" అని అడిగింది.

అందరి తలలూ కారు వైపు తిరిగాయి. జైపాల్ అప్పుడే దిగి, గాలికి వదులైన టీజీ స్టిక్కర్ అంచు బొటనవేలితో అదుముతున్నాడు. తనను ఇంతమంది ఎందుకు చూస్తున్నారో ఆయనకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. గంజు దగ్గరికి వచ్చి, తేలుతున్న కుడుకలు చూశాక గానీ డిక్కీలో సంచి పక్కన మూట కూడా ఉందని ఆయనకు గుర్తు రాలేదు.

విజయ తిట్టలేదు. తిడితే బాగుండు అనుకున్నాడు జైపాల్. ఇంటి దగ్గర ఉప్పు డబ్బా మూత సరిగా పెట్టకపోతేనే గంటసేపు తిట్టే మనిషి, ఇప్పుడు రోడ్డు పక్కన కూలబడి కొంగు మొహం మీదికి లాక్కుంది.

"మా అన్న కూలికి వోయి, సైకిల్ మీద అచ్చి పిలిచిండు," అంది కొంగు లోంచే. "అమ్మ వోయినంక మొదటిది. గది గూడ ఇల్లు చేరకపాయె."

మహేశ్ జేబులోంచి రవికె గుడ్డ తీసి, ఏం చేయాలో తెలియక మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు. జైపాల్ తెల్ల సీటు మీద మరక పడకూడదనుకున్నాడు, పడలేదు. ఆ సీటు వైపు చూడడానికే ఆయనకు సిగ్గేసింది.

నర్సక్క విజయ పక్కన కూర్చుంది. "బిడ్డా, ఐదు పిడికిళ్లు పుట్టింట్ల తీసిపెట్టచ్చినవా?"

విజయ తలూపింది.

"అయితే ఏడుస్తవెందుకే? ఒడిబియ్యం ఏం వోలే. విత్తనం ఇంట్లనే ఉన్నది. అవ్వి తెప్పిచ్చి మళ్ల వోయిస్తం." అని జైపాల్ వైపు తిరిగింది. "డిక్కి తీసినోల్లే వోయి తేవాలె."

జైపాల్ ముందు నారాయణకు ఫోన్ చేశాడు. సమ్మెతో కరెంటు కోతలు, నారాయణ సెల్లు ఎప్పుడో చల్లబడిపోయింది. కారు వెనక్కి తిప్పుదామంటే వెనక లారీలు బారులు తీరి ఉన్నాయి. జైపాల్ మహేశ్ మోటర్ సైకిల్ వైపు ఆశగా చూశాడు.

"ఇయ్యాల ఇంజన్ తిరగద్దని మేమే చెప్పినం అన్నా," అన్నాడు మహేశ్ తల గోక్కుంటూ. "మేమే తోల్తె ఎట్ల?"

"మా ఇంటాయన సైకిల్ ఉన్నది," అంది నర్సక్క.

అది నారాయణ సైకిల్ కంటే ముసలిది. సీటు ఎత్తు, బ్రేకు ఒకటే, గంట లేదు. జైపాల్ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఎక్కాడు. మొదటి తొక్కుడుకే చైను పడింది. కుర్రాళ్లు నవ్వు ఆపుకోవడానికి మొహాలు పక్కకు తిప్పుకున్నారు. చైను ఎక్కించుకుని, నల్లబడ్డ చేతుల్ని ఇస్త్రీ చొక్కాకే తుడుచుకుని బయల్దేరాడు.

దారి పొడవునా ఆగిపోయిన బండ్లే. లారీల కింద డ్రైవర్లు పడుకున్నారు. కార్లలో ఉన్నవాళ్లు తలుపులు తెరుచుకుని విసురుకుంటున్నారు. వాళ్లలో ఒకాయన ఆపి అడిగాడు: "అన్నా, ముంగట తొవ్వ ఉన్నదా?"

"సైకిల్‌కున్నది," అన్నాడు జైపాల్ రొప్పుతూ.

కథలాపూర్ పొలిమేర నుంచే పలకరింపులు మొదలయ్యాయి. నాట్లప్పుడు కారు అద్దం దించకుండా పోయిన అల్లుడు ఇప్పుడు మోకాళ్ల దాకా ప్యాంటు మడిచి సైకిల్ మీద వస్తుంటే ఊళ్లోవాళ్లు ఊరుకుంటారా. "బావా, కారును పెన్షన్‌కు పంపినవా?" అని ఎవరో అరిచారు. తన మాట తనకే తిరిగొచ్చిందని జైపాల్‌కు తెలిసింది, ఊళ్లో అందరికీ ఆ మాట ఎట్లా తెలిసిందో కూడా తెలిసింది.

నారాయణ మాత్రం నవ్వలేదు. బావను సైకిల్ మీద చూడగానే, "చెల్లెకేమన్న ఆయెనా?" అంటూ ఎదురొచ్చాడు.

"చెల్లె మంచిగనే ఉన్నది." జైపాల్ సైకిల్ దిగకుండానే చెప్పాడు. దిగితే చెప్పలేననిపించింది. "ఒడిబియ్యం డిక్కిల వెట్టిచ్చిన గద బావా. అవ్వి పొయ్యిల వడ్డయ్. నేనే తీసుకొండ్రన్న."

నారాయణ లోపలికి పోయి, దేవుడి ముందున్న గిన్నె తెచ్చి అందులోకి చూశాడు.

"మా అమ్మ ప్రతిసారి ఐదు పిడికిళ్లు తీపిస్తుండె," అన్నాడు. "గది ఇల్లు ఖాళీ కావద్దని అనుకున్న బావా. ఆడబిడ్డ ఒడి ఖాళీ కావద్దని గూడనని ఇయ్యాలనే ఎరుకైంది."

జైపాల్ చెయ్యి చాచాడు. నారాయణ గిన్నె ఇవ్వలేదు. "నీ చేతికిస్తే ఎట్ల? మా చెల్లె ఒళ్లె నేను వొయ్యాలె," అని సైకిల్ బయటికి తీశాడు. బాలలక్ష్మి వెనక క్యారేజీ మీద కూర్చుని గిన్నె ఒడిలో పెట్టుకుంది. గుంతలు వచ్చినప్పుడు సైకిల్ ఎగిరినా ఆ గిన్నె ఆమె ఒడిలోంచి కదల్లేదు. వెనకాల తొక్కుతూ జైపాల్ దారంతా దాన్నే చూశాడు.

వాళ్లు వచ్చేసరికి ఆడవాళ్లు రోడ్డు మీద నీళ్లు చల్లి ముగ్గేశారు. విజయ కూర్చోవడానికి పీట లేదని వెతుకుతున్నారు. జైపాల్ కారు తలుపు తెరిచి, ముందు సీటు తెల్ల కవరు ముడులు విప్పి, తెచ్చి ముగ్గు మీద పరిచాడు. విజయ దాన్ని చూసింది, ఆయన్ని చూసింది, దాని మీద కూర్చుంది. మొగుడూ పెళ్లాం కలిసి కూర్చోవడం ఆనవాయితీ కదా, ఆయన కూడా మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటుతోనే పక్కన కూర్చున్నాడు.

నారాయణ ఐదు పిడికిళ్లూ చెల్లెలి ఒడిలో పోశాడు. ఒడికి అవి ఎంత? అడుగున ఒక మూలకు సరిపోయాయి. అప్పుడు నర్సక్క ఈలోగా ఇంటి నుంచి తెచ్చుకున్న సంచిలోంచి పిడికెడు బియ్యం తీసి, పసుపద్ది, వాటి మీద పోసింది. ఆ వెనక ఇంకో ఆమె. ఆ వెనక ఇంకో ఆమె. వంకాయలు కోసినవాళ్లంతా వరసగా వచ్చి పోశారు. విజయ ఒడి నిండి, కొంగు పట్టలేక బరువుగా కిందికి జారింది. మహేశ్ జేబులోంచి రవికె గుడ్డ తీసి ఇచ్చాడు.

"మా అమ్మ ఉంటే గూడ ఇన్ని వొయ్యకపోవు," అంది విజయ ఏడుస్తూ నవ్వుతూ.

గంజులోని పచ్చ అన్నం ఆమే వడ్డించింది. తన ఒడిబియ్యం తానే పెట్టాలి కదా. మొదటి విస్తరి అన్నకు వేసింది. మహేశ్ విస్తట్లో ఉడికిన కుడుక పడింది. "జుర్మానా," అంది విజయ. జైపాల్ విస్తట్లో ఒక పోక వచ్చింది. అది నమలడానికి కుదరలేదు, పారేయడానికి ధైర్యం చాలలేదు. జేబులో వేసుకున్నాడు.

పొద్దుగూకాక కంప తీశారు. నారాయణ, బాలలక్ష్మి సైకిల్ మీద కథలాపూర్ వైపు మళ్లారు. విజయ కవరు లేని ముందు సీట్లో కూర్చుని మూట ఒడిలో పెట్టుకుంది.

"సీటుకు మరక వడ్తదేమో సూస్కో," అంది.

"పడనీ," అన్నాడు జైపాల్.

చందుర్తి దగ్గర మళ్లీ కంప అడ్డం వచ్చింది. అక్కడ ఇంకా రోడ్డు తెరవలేదు. ముందున్న బండ్లన్నీ ఆగి ఉన్నాయి. ఒక కుర్రవాడు టార్చి పట్టుకుని వచ్చాడు. జైపాల్ వెనక ప్లేటు తలుచుకుని గుటకలు మింగాడు. టార్చి వెలుతురు లోపలికి వచ్చి విజయ ఒడిలో పసుపు మూట మీద ఆగింది. కుర్రవాడు ప్లేట్లు చూడనే లేదు. వెనక్కి తిరిగి కేక వేశాడు:

"ఒడిబియ్యం బండి రా. ఆడబిడ్డను ఆపద్దు, తొవ్వ ఇడువుండ్రి."

కంప పక్కకు జరిగింది. పొద్దున ఈ మూట ఒడిలోనే ఉండి ఉంటే రుద్రంగి కంప కూడా ఇట్లాగే జరిగేదని ఇద్దరికీ ఒకేసారి తట్టింది. విజయ ఆయన వైపు తిరిగి చూసింది. నోరు తెరవలేదు. అంతకంటే తిట్టడం ఉండదని జైపాల్‌కు తెలుసు.

కారు కదలబోతుంటే కుర్రవాడు అలవాటుగా కిటికీలోంచి వంగి అడిగాడు.

"డిక్కిల ఏమున్నది అన్నా?"

"ఏం లేదు తమ్మీ," అన్నాడు జైపాల్. "ఉన్నదంత ముందట్నే ఉన్నది."